మానేసినవాళ్లను మళ్లీ పిలిపించండి

గౌరవనీయులైన ముఖ్యమంత్రి, కుప్పం శాసనసభ్యులు శ్రీ నారా చంద్రబాబు నాయుడు గారికి,

నేను మదనపల్లెలో ఉంటున్న రిటైర్డ్ టీచర్ని. బరువు తగ్గాలని గట్టిగా అనుకుని, కొన్నాళ్లు తగ్గి, మళ్లీ పెరిగి, ఆ సిగ్గుతో ఆసుపత్రి గడప తొక్కడమే మానేసినవాళ్ల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మన పడమటి మండలాల్లో ఎక్కడ చూసినా వీళ్లు లేని వీధి లేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క మీకు తెలిసే ఉంటుంది. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 36.3 శాతం, మగవాళ్లలో 31.1 శాతం ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద ఆడవాళ్లలో అది 24 శాతమే. ఈ అంకెలు చూసినప్పుడల్లా అధికారులు 'అవగాహన కల్పించాలి' అంటారు. అయ్యా, అవగాహన వీళ్లకు కావలసినంత ఉంది. తెల్లన్నం తగ్గించాలని, నడవాలని, నూనె తగ్గించాలని మా వీధిలో చదువురాని ముసలమ్మ కూడా చెబుతుంది. చాలామంది మొదలుపెట్టారు కూడా. మొదలుపెట్టి ఆగిపోయినవాళ్లకు ఏం చేయాలన్నది ఎవరూ ఆలోచించడం లేదు.

మా చెల్లెలి సంగతి చెబుతాను. పుంగనూరులో ఉంటుంది. షుగరు బయటపడ్డాక డాక్టరు బరువు తగ్గమంటే తగ్గింది. రాత్రిపూట అన్నం మానేసి చిన్న సంగటి ముద్ద, ఆకుకూర పప్పుతో సరిపెట్టుకుంది. తెల్లవారుజామున వీధిలో ఇద్దరు ముగ్గురిని తోడు చేసుకుని నడిచింది. రవికెలు వదులైతే కుట్లు లోపలికి వేయించుకుంది. అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. పెళ్లికి పోయినా, పేరంటానికి పోయినా, చివరికి కూరగాయల అంగడికి పోయినా ఒకటే ప్రశ్న. "ఏమే, ఇట్లా చిక్కిపోయినావు? ఒంట్లో బాగలేదా?" అత్తగారైతే దిష్టి తీసింది. తగ్గిన మనిషికి 'బాగున్నావు' అన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

అడిగినవాళ్లది చెడ్డ మనసు కాదు. కరువులు చూసిన సీమ ఇది. ఒళ్లు చేసిన మనిషంటే కడుపు నిండిన మనిషని, చిక్కిన మనిషంటే జబ్బో, కష్టమో అని తాతల కాలం నుంచి మాకు నాటుకుపోయింది. దానికి తోడు షుగరు ముదిరితే మనిషి చిక్కిపోవడం అందరూ కళ్లారా చూసిందే. కష్టపడి తగ్గిన బరువును ఊరంతా జబ్బు కింద జమకడితే, ఆ మనిషికి ఉత్సాహం ఎక్కడినుంచి వస్తుంది?

తర్వాత చలికాలం వచ్చింది. మా వైపు చలికాలమంటే అనపకాయలు. నానిన అనపగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే తొక్క వేళ్ల మధ్య మిగిలి, పప్పు గిన్నెలోకి ఎగిరి పడుతుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ పితికితే గానీ ఒక పూట పులుసుకు చాలదు. అంత పని చేసి వండిన పితికిపప్పు పులుసు, పక్కన వేడి సంగటి, పైన ఇంత నెయ్యి ముందుంటే కొలుచుకుని తినమనడం కష్టమే. అనపపప్పు మంచి తిండి, దాన్ని మానమని నేనెవరికీ చెప్పను. కొంచెం ఎక్కువ తిన్న ఆ నాలుగు వారాల వల్ల ఏదీ మునిగిపోలేదు కూడా. ఆ వెంటనే కూతురు పురిటికి వచ్చింది. రాత్రంతా పసిగుడ్డుతో జాగారం చేసే మనిషి తెల్లవారుజామున నడకకు ఎట్లా పోతుంది? బాలింతకు చేసింది మిగిలితే పారెయ్యలేక తనే తినేది. ఎండలు ముదిరేసరికి తగ్గిందంతా తిరిగి వచ్చింది.

ఆ తర్వాత జరిగిందే మీరు వినాలి. ఆసుపత్రిలో బరువు చూసే మిషను తలుపు పక్కన, వరుసలో నిలబడ్డవాళ్లందరి ముందూ ఉంది. చెప్పులు విడిచి ఎక్కింది. నర్సమ్మ అంకెను పెద్దగా చదివి, కార్డులో పాత అంకె చూసి, "ఏమ్మా, మళ్లీ మొదటికే తెచ్చినావే! నోరు కట్టుకోవాల గదా" అంది. వెనక ఎవరో నవ్వారు. ఇది తిట్టు కాదు, ఆ నర్సమ్మ రోజంతా వందమందిని చూస్తూ విసుగులో అన్న మాట. మా చెల్లెలు మాత్రం మరుసటి నెల పోలేదు. ఆ పై నెలా పోలేదు. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుంటూ వచ్చింది. బరువు సంగతి అటుంచండి, షుగరు ఎంతుందో, కళ్లు, కిడ్నీలు ఎట్లా ఉన్నాయో చూసేవాళ్లు లేకుండా పోయారు. నేను నిలదీస్తే, "ఏం మొహం పెట్టుకుని పోయేదక్కా?" అంది.

నర్సమ్మ అన్నలాంటి ఒక్క మాట వల్ల మన ఆసుపత్రులు ఎంతమందిని పోగొట్టుకుంటున్నాయో ఆలోచించండి. బరువు కోసం మొదలైన సిగ్గు బీపీ పరీక్షను, షుగరు పరీక్షను కూడా ఆపేస్తోంది.

మీరు మీ ఆహార నియమాల గురించి సభల్లో తరచు చెబుతుంటారు. డెబ్బై అయిదు దాటిన వయసులో మీ క్రమశిక్షణ అందరికీ తెలిసిందే. ఆ మాట విని మొదలుపెట్టినవాళ్లు తప్పక ఉంటారు. కానీ మొదలుపెట్టి పడినవాళ్ల చెవికి అది మరోలా వినిపిస్తుంది. ఆయనకు సాధ్యమైంది, నాకు కాలేదు, లోపం నాలోనే ఉంది అనిపిస్తుంది. లోపం చాలావరకు మనిషిలో లేదని వైద్యశాస్త్రం ఎప్పుడో చెప్పింది. ఆ మాట మీ నోట వస్తే దాని బలం వేరు.

ఆస్ట్రేలియాలో 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 50 మందికి పది వారాలు బాగా తక్కువ తిండి పెట్టారు. సగటున పదమూడు కిలోలకు పైగా తగ్గారు. ఏడాది గడిచాక చూస్తే, ఆకలి పుట్టించే హార్మోన్లు ఇంకా హెచ్చుగానే ఉన్నాయి, కడుపు నిండిందని చెప్పేవి తగ్గే ఉన్నాయి. అంటే బరువు తగ్గిన మనిషికి ఏడాది తర్వాత కూడా మునుపటికంటే ఎక్కువ ఆకలి వేస్తోంది. అమెరికాలో టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు చెప్పారు. వాళ్ల శరీరాలు ఊరకే కూర్చున్నప్పుడు ఖర్చుపెట్టే శక్తి, ఆ బరువున్న మనిషికి ఉండాల్సినదానికంటే రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువగా ఉంది. తగ్గిన బరువులో ఎక్కువ భాగం వెనక్కి వచ్చింది. ఒక చేత్తో ఆకలిని పెంచి, ఇంకో చేత్తో ఖర్చు తగ్గించి, పోయిన బరువును తిరిగి రాబట్టుకోవాలని శరీరమే చూస్తుంది. దీన్ని నోరు కట్టుకోలేకపోవడం అనడం అన్యాయం.

జాతర మూడు రోజుల్లో పెరిగిన రెండు కిలోల సంగతి కూడా ఎవరైనా వీళ్లకు వివరంగా చెప్పాలి. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకో, కుప్పం గంగమాంబ జాతరకో చుట్టాలొస్తారు, పొట్టేలు తెగుతుంది, తినకుండా ఎవరూ ఉండరు. జాతర మరునాడు మిషనెక్కి రెండు కిలోలు ఎక్కువ చూపిస్తే గుండె జారిపోతుంది. నిజానికి ఒక కిలో కొవ్వు చేరాలంటే ఒంటికి అవసరమైనదానికి మించి సుమారు 7,700 క్యాలరీలు తినాలి. మూడు రోజుల్లో రెండు కిలోల కొవ్వు చేర్చడం దాదాపు ఎవరి తరమూ కాదు. ఉప్పు, అన్నం, పిండివంటలు ఎక్కువైనప్పుడు ఒంట్లో నిలిచే నీళ్లే అందులో చాలా భాగం. మామూలు తిండికి వస్తే వారం పది రోజుల్లో ఆ నీళ్లు పోతాయి. ఇది తెలియక, మునిగినవాడికి చలేమిటని నడకా మానేసి, మందులూ మానేసి, నిజంగా కొవ్వు పేరుకునేదాకా తెచ్చుకున్నవాళ్లను నేను చూశాను. మనుషుల్ని దెబ్బతీసేది జాతర కాదు, జాతర మరునాడు మనసులో పుట్టే ఆ నిరాశ.

ఇక నేను అడగదలచినదానికి వస్తాను. దానికి ఆరోగ్యవరం దాకా వెళ్లాలి.

మదనపల్లె పక్కన 1915లో ఆరోగ్యవరం క్షయ శానటోరియం తెరిచారు. దాని మొదటి వైద్యాధికారి డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రీమోట్ మోలర్. నెలలు, ఏళ్లు పట్టే జబ్బును ఓపికగా నయం చేయడం దక్షిణ భారతానికి నేర్పిన చోట్లలో అది ఒకటి. 1950 నుంచి 1955 దాకా ఆరోగ్యవరం వైద్యులు మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో క్షయను వెతుకుతూ తిరిగి చేసిన అధ్యయనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960లో ప్రచురించింది. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్స కేంద్రం, మందులు సరిగా వేసుకునేలా చూసుకుంటే ఇంట్లో ఉన్న రోగి కూడా శానటోరియంలో ఉన్నవాడిలాగే కోలుకుంటాడని 1959లో నిరూపించింది. 'సరిగా వేసుకునేలా చూసుకుంటే' అన్నదాంట్లోనే కిటుకంతా ఉంది. చెప్పాపెట్టకుండా ఇంటికి వెళ్లి పలకరించే మనిషి అందులో భాగం.

ఈనాటికీ క్షయ కార్యక్రమంలో అదే పద్ధతి. రోగి మందు మానేస్తే ఆ పేరు రిజిస్టర్లో కనబడుతుంది, ఆరోగ్య కార్యకర్త ఇల్లు వెతుక్కుంటూ పోవాలి. ఎందుకు మానేశావో చెప్పు, పని దొరక్క ఊరు పోయావా, మందు పడలేదా అని అడగాలి. మానేయడం మనిషి స్వభావంలో ఉందని ముందే ఒప్పుకుని కట్టిన కార్యక్రమం అది. మానేసినవాడు వైద్యం నుంచి జారిపోయాడంటే వెళ్లి తెచ్చుకోవలసిన బాధ్యత వైద్యానిదే. షుగరుకు, బరువుకు మాత్రం మనం దీన్ని తలకిందులు చేశాం. రానివాడి మీదే తప్పు మోపి ఊరుకున్నాం. ఆరోగ్యవరం ఉన్న నేల మీద ఇలా జరగడం నాకు చాలా బాధగా ఉంది.

2025 జులైలో కుప్పం ఏరియా ఆసుపత్రిలో టాటా వారి సహకారంతో డిజిటల్ నెర్వ్ సెంటర్ మీరే ప్రారంభించారు. పల్లె ఆరోగ్య కేంద్రాన్నీ పెద్ద డాక్టర్నీ కలపడం, మనిషి ఆరోగ్య వివరాలన్నీ ఒకచోట ఉంచడం దాని ఉద్దేశమని చెప్పారు. చాలా మంచి పని. వచ్చినవాళ్ల వివరాలు దాచుకునే కంప్యూటరు రానివాళ్లను కూడా గుర్తుపట్టగలదు. ముప్పై ఏళ్లు దాటి, షుగరో బీపీయో ఉండి, బరువు తగ్గమని చెప్పించుకున్న మనిషి వరుసగా రెండు నెలలు రాకపోతే ఆ పేరు ఏఎన్‌ఎం ముందుకు రావాలి. ఆమె ఒక ఫోను చేయాలి. ఫోను ఎత్తకపోతే ఆశా కార్యకర్త ఇంటికి పోవాలి. ఇంటికి వెళ్లినామె మొదట బరువు మాట ఎత్తకూడదు. "ఎట్లుండావమ్మా, ఇంట్లో అంతా బాగుండారా, మోకాలు నొప్పేమైనా వచ్చిందా" అని అడగాలి. కారణం అక్కడే బయటపడుతుంది. పురుడు, మోకాలు, చావు, పొలంలో టమోటా కోతలు, మగ్గం మీద పెళ్లిళ్ల ఆర్డర్లు, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. వెంటనే, "బరువు ఎంతున్నా ఫర్వాలేదు, బుధవారం రా, షుగరు మాత్రం చూసి పంపిస్తాం" అనాలి.

వచ్చిన రోజున మిషను ఒక తెర చాటున ఉండాలి. అంకె కార్డు మీద రాసి ఇవ్వాలి గానీ గదంతా వినిపించేలా చదవకూడదు. దీనికి ప్రభుత్వానికయ్యే ఖర్చు ఒక పాత దుప్పటి, ఒక తాడు.

ఆ కార్డులో బరువు ఒక్కటే ఉంటే చాలదు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మందితో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. మూడేళ్లలో మామూలుగా వదిలేసినవాళ్లలో 55 శాతం మందికి షుగరు వచ్చింది. తిండి మార్చుకుని, నడక పెట్టుకున్నవాళ్లలో 39 శాతానికే వచ్చింది. చెప్పుకోవలసిందేమంటే, వాళ్ల బరువు పెద్దగా తగ్గలేదు, అయినా మేలు జరిగింది. వాళ్లు మన పొరుగువాళ్లు, మన లాంటి ఒంటితీరు ఉన్నవాళ్లు. రోజూ నడిచి, మిషను కదలలేదని ఏడ్చే ఆడమనిషికి ఈ ఒక్క సంగతి చెప్పినా నడక మానదు. అందుకే నడుం చుట్టుకొలత, బీపీ, షుగరు, వారంలో ఎన్ని రోజులు నడిచింది కూడా ఆ కార్డులో ఉండాలి. ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని మన దేశపు వైద్యులు గీత గీశారు. దర్జీ టేపు లేని ఊరు లేదు. బరువులో అయిదు శాతం తగ్గినా, అంటే 80 కిలోల మనిషి నాలుగు కిలోలు తగ్గినా, షుగరులో, బీపీలో తేడా కనిపిస్తుంది. ముప్పై కిలోలు తగ్గిన సినిమావాళ్ల ఫొటోలు చూసి ఆశపడ్డవాళ్లకు నాలుగు కిలోల విలువ ఎవరో ఒకరు చెప్పాలి.

2025లో మే 21 నుంచి జూన్ 21 దాకా యోగాంధ్ర యోగా కార్యక్రమం ఉత్సాహంగా జరిగింది. మా మదనపల్లెలోనూ చాలామంది చాపలు పట్టుకుని వచ్చారు. జూన్ 22న ఏం చేయాలో చెప్పేవాళ్లుంటే వాళ్లలో చాలామంది ఇంకా వస్తూనే ఉండేవాళ్లని నా నమ్మకం. మొదలుపెట్టించడం మనకు బాగా వచ్చు. నెల గడిచాక నీరసించిన మనిషి పక్కన నిలబడడం ఇంకా అలవాటు కాలేదు. అమెరికాలో 1994 నుంచి, బాగా బరువు తగ్గి దాన్ని నిలబెట్టుకున్నవాళ్ల జాబితా ఒకటి నడుస్తోంది. అందులో చేరినవాళ్లలో అత్యధికులు అంతకుముందు ప్రయత్నించి విఫలమైనవాళ్లే. గెలిచినవాళ్లలో అత్యధికులు ఒకనాడు మా చెల్లెలి స్థితిలో ఉన్నవాళ్లే అన్నమాట.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి కదా, ఇక ఇదంతా ఎందుకని కొందరంటున్నారు. అవసరమైనవాళ్లకు డాక్టరు సలహాతో అవి మేలు చేస్తాయి, కాదనను. కానీ సెమాగ్లూటైడ్ ఆపేసినవాళ్లను ఏడాది తర్వాత చూస్తే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. ఇంజెక్షను కొనలేక మధ్యలో ఆపేసే మనిషికి ఇంకా ఎక్కువ తోడు కావాలి.

కుప్పంలో మీ ఓటర్లలో ఇంకో రకం వాళ్లున్నారు. చీకటితోనే లేచి బెంగళూరు రైలెక్కి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్లు. మా తోడికోడలి కొడుకు వాళ్లలో ఒకడు. ఆరోగ్య కేంద్రం తెరిచే వేళకు ఈ పిల్లలు ఆఫీసుల్లో ఉంటారు. నెలకొక ఆదివారం పొద్దున రెండు గంటలు తెరిస్తే వాళ్లకు బీపీ చూపించుకునే వీలు దొరుకుతుంది. అట్లాగే మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్లలోనూ కాలేజీ, స్కూలు మైదానాల చుట్టూ తెల్లవారుజామున దీపాలు వెలగాలి. కుక్కల భయం, చీకటి భయం వల్ల నడక మానేసిన ఆడవాళ్లు బద్ధకస్తులు కారు.

ఒక భయం కూడా చెప్పి ముగిస్తాను. ఈ ఉత్తరం చదివి ఎవరైనా అధికారి ఉత్సాహంగా ఇంకో యాప్ తయారు చేయించి ఏఎన్‌ఎంల ఫోన్లలో పడేస్తారేమోనని. వాళ్ల చేతిలో ఇప్పటికే ఉన్న యాపులు, రిజిస్టర్లు చాలు. ఈ ఫోన్లు చేసే పనికి వారంలో ఒక పూట పూర్తిగా కేటాయించి, ఆ పూట వేరే రిపోర్టులు అడగకుండా ఉత్తర్వు ఇవ్వండి. ఆశా కార్యకర్త ఇంటికి పోయి ఒక మనిషిని తిరిగి తెస్తే ఆమెకు దానికి డబ్బు ముట్టాలి. కుప్పంలో ఒక మండలంలో ఆరు నెలలు చేసి చూడండి, ఆపైన పుంగనూరుకు, మదనపల్లెకు తేవచ్చు. సమీక్షలో కలెక్టరు గారిని ఎంతమంది ఎన్ని కిలోలు తగ్గారని అడక్కండి. మానేసినవాళ్లలో ఎంతమంది మళ్లీ వచ్చారని అడగండి.

ఇట్లు,
మదనపల్లె నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు